పాత పికప్‌కి వెనక సీల్ మార్చాక: సీల్‌కి మూడున్నర, స్లీవ్‌కి అయిదు

మార్కులు ముందే వేసేస్తాను. ఎఫ్‌కేఎం అనే వేడికి ఓర్చే రబ్బరుతో చేసిన రియర్ మెయిన్ సీల్‌కి, అంటే ఇంజిన్ వెనక క్రాంక్‌షాఫ్ట్ బయటికొచ్చే చోట ఆయిల్ కారకుండా చుట్టూ ఉండే ఉంగరానికి, అయిదుకి మూడున్నర. దాని కింద క్రాంక్ మీద తొడిగిన పల్చటి ఉక్కు తొడుగు, ఎస్‌కేఎఫ్ స్పీడీ-స్లీవ్‌కి అయిదుకి అయిదు. సీల్ డబ్బాలో మడతపెట్టి పెట్టిన కాగితానికి సున్నా. పాత ఇంజిన్‌కి వెనక సీల్ కొనబోతున్నవాళ్లు ఈ మూడింట్లో రెండోదాన్ని మర్చిపోతారు. ఇంత పొడుగ్గా రాయడం అందుకే.

నా బండి నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్. వెనక చక్రాల డ్రైవ్, ఐదు గేర్ల మాన్యువల్. బరువులు మోస్తుంది, మట్టిదారిలో తిరుగుతుంది, కొన్నాళ్లు ఊరికే నిలబడి ఉండి ఉన్నట్టుండి పనిలోకి దిగుతుంది. ఈ వయసు బండికి ఇంజిన్ వెనక ఆయిల్ చెమర్చడం పెద్ద వింతేం కాదు. సీల్ కొత్తది వేశాక కూడా కారితే అది వింత.

ఇంతకుముందు ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ దించి ఈ సీల్ మార్పించాను. ఎక్కువకాలం నిలవలేదు. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర మళ్లీ నల్లటి చుక్క వేలాడింది. ఈసారి మా తమ్ముడిని తోడు పెట్టుకుని నేనే విప్పాను. బయటికి తీసిన సీల్‌ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే దానికి ఏ రోగమూ లేదు. షాఫ్ట్‌ని ఆనే లోపలి అంచు, అంటే లిప్, మెత్తగానే ఉంది, ఎక్కడా చిట్లలేదు, వెనక ఉండే చుట్టు స్ప్రింగ్ తన గాడిలోనే ఉంది. మరి ఆయిల్ ఎలా వచ్చినట్టు? క్రాంక్‌షాఫ్ట్ చివర సీల్ ఆనే చోట గోరు పెట్టి అడ్డంగా లాగాను. టక్కున తట్టుకుంది. నూతి ఒర మీద చేంతాడు రాపిడికి పడే గాడిలాగా, ఉక్కు మీద చుట్టూ సన్నటి గీత. కొత్త సీల్ లిప్ తిన్నగా వెళ్లి ఆ గీతలోనే కూర్చుంది.

"రబ్బరు ఉక్కుని ఎట్లా అరగదీస్తుందన్నా?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. అరగదీసేది రబ్బరు కాదు. లిప్ కింద చేరిన మసి, దుమ్ము, వేడికి మాడి గట్టిపడిన ఆయిల్ తునకలు. రబ్బరు వాటిని అదిమి పట్టుకుంటుంది, షాఫ్ట్ వాటి కింద తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో మసి ఎలాగూ ఎక్కువే. ఆయిల్ మార్చడం వాయిదా వేసేకొద్దీ గీత లోతవుతుంది.

ఈ సీల్ పని చేసే తీరు తెలిస్తే ఆ గీత ఎంత చేటో అర్థమవుతుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు లిప్ షాఫ్ట్‌ని నేరుగా రాసుకోదు. రెంటి మధ్యా మైక్రాన్లలో కొలవాల్సినంత పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. లిప్‌కి రెండు వైపులా వాలు ఒక్కలా ఉండదు. ఆ వాలూ, రబ్బరు అంచులోని కంటికి కనపడని గరుకుతనమూ కలిసి బయటికి రాబోయిన ఆయిల్‌ని మళ్లీ లోపలికి నెడుతుంటాయి. అంటే ఇది ఊరికే అడ్డుపెట్టిన బిరడా కాదు, చిన్న పంపు. ఆ పంపు పని చేయాలంటే కింద షాఫ్ట్ నున్నగా ఉండాలి, అలాగని అద్దంలా ఉండకూడదు. ఇలాంటి సీళ్ల కింద షాఫ్ట్ గరుకుతనం ఆర్ఏ (సగటు గరుకుతనం) లెక్కలో 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. గోరుకు తట్టుకునే గాడి ముందు ఈ అంకెలకు అర్థమే లేదు.

గాడి పడిన షాఫ్ట్‌కి మూడు దారులున్నాయి. క్రాంక్ మొత్తం విప్పి గ్రైండింగ్ చేయించడం మొదటిది. ఇంజిన్ ఎలాగూ విప్పేవాళ్లకే అది. రెండోది, కొత్త సీల్‌ని పాత స్థానం నుంచి మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ముందుకో వెనక్కో కూర్చోబెట్టి లిప్‌ని గాడి పక్కన నున్నటి చోట ఆనించడం. ఖర్చు లేని ఉపాయం, చాలా ఇంజిన్లలో పనికొస్తుంది కూడా. నా బండిలో సీల్ కూర్చునే గూటికి లోపల మెట్టు ఉంది, లోపలికి జరపడానికి చోటు లేదు. బయటికి జరిపితే లిప్ షాఫ్ట్ అంచు వాలు మీదకి వచ్చేస్తుంది. అలా మూడో దారి మిగిలింది, స్లీవ్.

స్పీడీ-స్లీవ్ చూడ్డానికి ఏమీ లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసిన పల్చటి ఉంగరం, ఒక చివర చిన్న అంచు. గోడ మందం 0.28 మిల్లీమీటర్లు. చేతిలోకి తీసుకుంటే నొక్కితే వంగిపోతుందేమోనని భయమేస్తుంది. దాని గొప్ప అంతా ఆ పల్చదనంలోనే ఉంది. తొడిగాక షాఫ్ట్ వ్యాసం అర మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది, అంతే. ఆ మాత్రం తేడాకి సీల్ సైజు మార్చక్కర్లేదు, కంపెనీ చెప్పిన సైజు సీలే సరిపోతుంది. మందపాటి స్లీవ్‌లు కూడా దొరుకుతాయి. వాటికి లోపలి వ్యాసం పెద్దదిగా ఉన్న వేరే సీల్ వెతుక్కోవాలి. పాత ఇంజిన్లకు అసలు సైజు సీల్ దొరకడమే గగనం, ఇక వేరే సైజు ఎక్కడ వెతుకుతాం?

సైజు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. స్లీవ్‌ని బండి మోడల్ పేరు చెప్పి కొనకూడదు, షాఫ్ట్ వ్యాసం కొలిచి కొనాలి. గాడి పడని చోట, మైక్రోమీటర్‌తో మూడు దిక్కుల్లో కొలిచి సగటు తీయాలి. ఒక్కో స్లీవ్‌కి ఒక్కో వ్యాసం శ్రేణి ఉంటుంది, మీ అంకె ఆ శ్రేణిలో పడాలి. ఆ పైన వెడల్పు కూడా చూడాలి. స్లీవ్ గాడిని పూర్తిగా కప్పాలి. దాని అంచు షాఫ్ట్ చివర వాలు మీదో గుండ్రటి మలుపు మీదో ఆగకూడదు, నికరంగా ఒకే వ్యాసం ఉన్న చోటే ఆగాలి. కాబట్టి అన్నీ విప్పి కొలిచాకే ఆర్డర్ పెట్టాలి. అంతవరకూ బండి జాక్ స్టాండ్ల మీద ఉండాల్సిందే. ఈ నిరీక్షణకి సిద్ధపడే పనిలోకి దిగండి.

తొడగడం మాత్రం అనుకున్నదానికన్నా తేలిక. స్లీవ్ డబ్బాలోనే ఒక లోహపు కప్పు వస్తుంది. ముందు షాఫ్ట్ మీది గరుకు, గాడి అంచున లేచిన ముళ్లు నున్నగా చేసి జిడ్డు లేకుండా తుడవాలి. గాడి లోతుగా ఉంటే లోహపు పొడి కలిపిన ఎపాక్సీతో నింపి, అది గట్టిపడకముందే స్లీవ్ ఎక్కించాలి. నా గాడి అంత లోతు లేదు. స్లీవ్‌ని అంచు ఉన్న వైపు ముందుకు పెట్టి షాఫ్ట్ మీద ఉంచి, దాని మీద కప్పు బోర్లించి, కప్పు నడినెత్తిన మెల్లగా కొడుతూ పోవాలి. పక్కకి కొడితే స్లీవ్ వంకర తిరుగుతుంది, వంకర తిరిగిందా ఇక ఆ స్లీవ్ చెత్తబుట్టకే. తమ్ముడు టార్చి పట్టుకుని "ఎడమ పక్క వెనకబడుతోందన్నా, కుడి పక్క వెనకబడుతోందన్నా" అని చెబుతుంటే చిన్న చిన్న దెబ్బలతో ఎక్కించాను. ఎంత లోతుకి పోవాలో ముందే కొలిచి షాఫ్ట్ మీద గీత పెట్టుకోవాలి. సీల్ లిప్ స్లీవ్ వెడల్పులో ఇంచుమించు మధ్యన ఆనాలి. ముందుండే అంచుని దేనికీ తగలకపోతే అలాగే వదిలేయొచ్చు, తగిలేటట్టుంటే ఒలిచేయడానికి వీలుగా ముందే కోత గీత పెట్టి ఇస్తారు. నేను వదిలేశాను.

తొడిగాక స్లీవ్ మీద గోరు లాగి చూశాను. ఎక్కడా తట్టలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నునుపు అది, మనం చేత్తో రుద్ది తేగలిగింది కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, గాడిని గరుకు కాగితంతో పోగొట్టేద్దామని చూసేవాళ్లు ఎక్కువమందే ఉన్నారు. ఎమరీని ఏటవాలుగా రుద్దితే షాఫ్ట్ చుట్టూ కంటికి ఆనని మర గీతలు పడతాయి. షాఫ్ట్ తిరిగే దిక్కుని బట్టి ఆ మరే ఆయిల్‌ని బయటికి తోడి పోస్తుంది. సీల్ ఎంత మంచిదైనా దానికి ఎదురు నిలవలేదు. రుద్దక తప్పదంటే బాగా నున్నటి బట్టతో, షాఫ్ట్ చుట్టుకొలత వెంబడే, ముందుకీ వెనక్కీ జరపకుండా రుద్దాలి.

ఇక సీల్ సంగతి. కంపెనీ పేరు రాయను. పేరు కన్నా డబ్బా మీద పదార్థం ఏమని రాసి ఉందో చూడటం ముఖ్యం. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా సుఖంగా ఉంటుంది. దాన్ని దాటి ఎక్కువసేపు ఉంటే గట్టిపడి పెళుసవుతుంది. బరువుతో చడావు ఎక్కే డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ వేడి ఆ హద్దు చుట్టూనే తచ్చాడుతుంది, ఒక్కోసారి దాటేస్తుంది. వేగం లెక్క కూడా ఉంది. 80 మిల్లీమీటర్ల షాఫ్ట్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని ఉపరితలం సెకనుకి సుమారు 12.5 మీటర్లు పరుగెడుతుంది. నైట్రైల్‌కి అది దాదాపు హద్దు. ఎఫ్‌కేఎం 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, వేగంలోనూ దానికి చాలా చోటు మిగులుతుంది. దాని బలహీనత చలి. సున్నాకి బాగా దిగువకి పోతే బిరుసెక్కుతుంది. గడ్డకట్టే చలిలో బండి స్టార్ట్ చేసేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

సీల్ నాణ్యత బాగుంది. లిప్ అంచు చుట్టూ ఒకేలా ఉంది, మౌల్డింగ్ పొట్టు ఎక్కడా లేదు, స్ప్రింగ్ బిగువుగా ఉంది, షాఫ్ట్ తిరిగే దిక్కు చూపే బాణం స్పష్టంగా అచ్చయింది. బయటి చుట్టుకి రబ్బరు పూత ఉండటం నాకు నచ్చింది. గూటిలో చిన్న గీతలు ఉన్నా ఆ పూత సర్దుకుంటుంది, సీలెంట్ అక్కర్లేదు. ఉత్త లోహపు చుట్టు ఉన్న సీలైతే పల్చగా సీలెంట్ పూయాల్సి వచ్చేది. బాణం సంగతి కొట్టిపారేయకండి. ఇలాంటి సీల్ లిప్ మీద ఒక దిక్కుకే పని చేసే ఏటవాలు గీతలుంటాయి. దిక్కు తప్పిన సీల్ వేస్తే ఆయిల్‌ని లోపలికి కాకుండా బయటికి తోడుతుంది.

మరి ఒకటిన్నర మార్కు ఎందుకు కోశానంటే, లిప్‌ని షాఫ్ట్ మీదకి జారవిడిచే ప్లాస్టిక్ గైడ్ డబ్బాలో లేదు. క్రాంక్ చివర అంచు పదునుగా ఉంటుంది, స్లీవ్ అంచు ఇంకా పదును. లిప్ అక్కడ ఒక్కసారి మడతపడితే, ఒక్క గాటు పడితే, గేర్‌బాక్స్ దించిన కష్టమంతా నీళ్లపాలు. ఇంత సున్నితమైన వస్తువు అమ్ముతూ ఓ ప్లాస్టిక్ ముక్క పెట్టడానికి ఎందుకంత పిసినారితనం? కూల్‌డ్రింక్ సీసా నడుము నుంచి పట్టీ కత్తిరించి, షాఫ్ట్ చుట్టూ చుట్టి, దానికి ఆయిల్ రాసి సీల్‌ని దాని మీదుగా జార్చి పట్టీ లాగేశాను. పని జరిగింది. కానీ ఆ పట్టీ చుట్టే పూచీ కొన్నవాడిది కాకూడదు.

కాగితం గురించి చెప్పాలంటే, అది ఏ సీల్‌కైనా పెట్టదగ్గ కాగితం. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలని, లిప్‌కి శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయాలని ఉంది. రెండూ నిజమే. ఎంత లోతుకి దించాలో లేదు, పాత సీల్ లోతు కొలిచి పెట్టుకోమని కూడా లేదు. వెనక సీల్ మార్చేవాడికి కావలసిన మొదటి అంకె అదే కదా. పాతదాన్ని పీకకముందే వెర్నియర్‌తో గూటి అంచు నుంచి సీల్ ముఖం దాకా నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. కొత్తది కూర్చున్నాక మళ్లీ అదే నాలుగు చోట్ల కొలవండి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉంటే సీల్ వంకరగా ఉన్నట్టే. నేను చదునైన మందపాటి పలక అడ్డం పెట్టి, చుట్టూ మార్చి మార్చి కొట్టి దించాను. స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొట్టే అలవాటున్న మెకానిక్‌లకి ఈ పని ఇవ్వకండి. బయటి దుమ్ముని ఆపే రెండో లిప్‌కీ అసలు లిప్‌కీ మధ్య కొద్దిగా గ్రీజు పెట్టడం కూడా మంచిది, బయటి లిప్‌కి ఆయిల్ అందదు కాబట్టి పొడిగా రాసుకుంటుంది.

టెఫ్లాన్ సీల్ ఎందుకు తీసుకోలేదని అడిగేవాళ్లుంటారు. దాన్ని పీటీఎఫ్ఈ అంటారు. కొత్త ఇంజిన్లలో అదే వస్తుంది, వేడికి జంకదు, సాధారణంగా స్ప్రింగ్ కూడా అక్కర్లేదు. లిప్ వెడల్పుగా ఆనుతుంది కాబట్టి చిన్న గాడిని దాటి కూర్చుంటుందని కొందరు దాన్నే ఎంచుకుంటారు, అందులో నిజం లేకపోలేదు. నేను వద్దనుకున్నది దాని మొండితనం చూసి. దాన్ని ఎండుగానే ఎక్కించాలి. లిప్‌కి ఆయిల్ గానీ గ్రీజు గానీ తగలకూడదు. మనకేమో ఏ సీల్ చేతికొచ్చినా ముందు ఆయిల్ రాసే అలవాటు. దాంతోపాటు వచ్చే గైడ్‌ని చివరిదాకా తీయకూడదు, తీస్తే లిప్ లోపలికి ముడుచుకుంటుంది, మళ్లీ షాఫ్ట్ మీదకి తేవడం తలనొప్పి. ఎక్కించాక లిప్ షాఫ్ట్‌కి సర్దుకునేదాకా కొన్ని గంటలు ఇంజిన్ తిప్పకూడదు. షెడ్డు శుభ్రంగా, చెయ్యి కుదురుగా ఉన్నవాళ్లకి అది మంచి సీలే. బండి కింద వెల్లకిలా పడుకుని, మోచేతి దాకా జిడ్డుతో పని చేసే నాబోటివాడికి రబ్బరే ఓర్చుకుంటుంది.

సీల్, స్లీవ్ ఆర్డర్ పెట్టేముందు, కారుతున్నది నిజంగా వెనక సీలేనా అని తేల్చుకోండి. నా లెక్కలో సీల్ అమ్మేవాళ్లు చెప్పని ముఖ్యమైన సంగతి ఇదే. బెల్ హౌసింగ్ కింద చుక్క పడగానే అందరూ సీల్ అనేస్తారు. వాల్వ్ కవర్ గాస్కెట్ వెనక మూల నుంచి కారిన ఆయిల్ ఇంజిన్ వీపు మీదుగా దిగి సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ కారినా అంతే. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అంటే సంప్, దాని గాస్కెట్ వెనక మూల ఒకటి, సీల్ బిగించే రిటైనర్‌కీ సంప్‌కీ మధ్య అతుకు ఇంకొకటి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోతే అదీ ఆ రంధ్రంలోంచే పడుతుంది. దాన్ని వాసన పట్టిస్తుంది, గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ఒకసారి ముక్కుకి తగిలితే మర్చిపోరు. ఇంజిన్ వెనక భాగం అంతా డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టి, ఆయిల్‌లో అతినీలలోహిత రంగు కలిపి, కాసేపు నడిపి ఆ దీపంతో పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. తడి ఏ ఎత్తులో మొదలైందో అదే లీకు. కింద ఎంత తడిసిందన్నది లెక్కలోకి రాదు.

ఇంకోటి బ్రీదర్. పిస్టన్ల పక్క నుంచి కిందికి దిగే వాయువు బయటికి పోయే దారి మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ని తోస్తుంది. కొత్త సీల్ కూడా ఆ ఒత్తిడికి లొంగుతుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పాత డీజిల్‌లో కొంచెం ఆవిరి, కొంచెం ఊపిరి మామూలే. ఫుస్ ఫుస్‌మని గట్టిగా తన్నుతుంటే ముందు బ్రీదర్ గొట్టం, వాల్వ్ విప్పి శుభ్రం చేయండి. అప్పటికీ తగ్గకపోతే రింగులు అరిగాయేమో చూపించుకోండి. ఆ ఇంజిన్‌కి ఏ సీల్ వేసినా నాలుగు రోజుల ముచ్చటే.

షాఫ్ట్ బయటపడ్డాక దాన్ని ముందుకీ వెనక్కీ మీటతో నెట్టి ఎంత ఆడుతోందో డయల్ గేజ్‌తో చూడటం, పైకీ కిందికీ కదులుతోందేమో పట్టి చూడటం కూడా ఆ సందులోనే అయిపోతుంది. వెనక మెయిన్ బేరింగ్ అరిగి క్రాంక్ గుండ్రంగా కాకుండా ఊగుతూ తిరుగుతుంటే లిప్ దాని వెంట పరుగెత్తలేదు. నా దాంట్లో ఆట మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంది కాబట్టి ముందుకెళ్లాను.

ఫ్లైవీల్ బోల్టుల గురించి ఒక్క మాట. చాలా ఇంజిన్లలో వాటి రంధ్రాలు క్రాంక్‌లోంచి ఆయిల్ ఉన్న చోటికి దూసుకుపోతాయి. మరలకి సీలెంట్ పూయకపోతే ఆయిల్ మర వెంబడే పాకి వస్తుంది, మనం సీల్‌ని తిడతాం. కొన్నిటికి సాగే రకం బోల్టులుంటాయి, వాటిని తిరిగి వాడకూడదు, కొత్తవే వేయాలి. ఫ్లైవీల్ తీసేముందు క్రాంక్‌తో కలిపి గుర్తు పెట్టుకోండి, అది చేతికి అనిపించేదానికన్నా బరువు, కాళ్ల మీద పడనివ్వకండి. క్లచ్ ప్లేట్‌కి ఆయిల్ పట్టి ఉంటే దాన్ని కడిగి వేసుకుందామన్న ఆశ వదులుకోండి. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ అప్పుడే మార్చేయండి, మళ్లీ గేర్‌బాక్స్ దించే ఓపిక ఎవరికుంది?

శ్రమ ఏమాత్రం తక్కువ కాదు. గేర్‌బాక్స్ పై బోల్టులు రెండూ చెయ్యి దూరని చోట ఉంటాయి, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, మోకాలు జాయింటు సాకెట్ లేకుండా అందవు. గేర్‌బాక్స్ జాక్ అద్దెకైనా తెచ్చుకోండి. మామూలు జాక్ మీద గేర్‌బాక్స్‌ని నిలబెట్టి షాఫ్ట్‌ని క్లచ్‌లోకి గురి చూసి దూర్చడం ఇద్దరి సహనానికి పరీక్ష. ఈ పనంతటిలో సీల్ ఎక్కించడానికి పట్టే సమయం ఎంతని చూస్తే నవ్వొస్తుంది. అందుకే ఆ కాసేపట్లో పెట్టే వస్తువు మీద పిసినారితనం చూపకూడదంటాను.

ఫలితం ఏమిటంటే, అప్పటి నుంచి బరువుతో తిరిగింది, ఎండలో తిరిగింది, నిలబెట్టి వదిలేశాను కూడా. నిలబెట్టడం అసలు పరీక్ష. బిరుసెక్కిన సీళ్లు కొన్ని బండి నడిచినంతసేపూ పొడిగా ఉండి, చల్లారాక చుక్కలు పెడతాయి. బెల్ హౌసింగ్ రంధ్రంలో వేలు పెట్టి చూస్తే క్లచ్ పొడి అంటుకుంటోంది, జిడ్డు లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం కూడా సీల్ మార్చినప్పుడు ఉన్న చోటు నుంచి కదలడం లేదు. స్లీవ్ నుంచి చప్పుడు గానీ, షాఫ్ట్ మీద జారుతున్న జాడ గానీ లేదు.

లీకు ఆపుతాయని అమ్మే సీసాల గురించి కూడా రాయమని ఒకరు అడిగారు. వాటిలో చాలావరకు గట్టిపడిన రబ్బరుని కాస్త ఉబ్బించి మెత్తబరిచే ద్రవాలే ఉంటాయి. వయసుకి బిరుసెక్కిన సీల్ దగ్గర చెమ్మ తగ్గొచ్చు, కొన్నాళ్లు వాయిదా పడొచ్చు. చిరిగిన లిప్‌ని అవి కుట్టలేవు, ఉక్కులో పడిన గాడిని పూడ్చలేవు, టెఫ్లాన్ సీల్ మీద వాటి ప్రభావమే లేదు. నా బండి విషయంలో అది వృథా.

ఈ సమీక్ష ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మీ ఇంజిన్ ఇంకా పాతదై, వెనక సీల్ రెండు అర్ధచంద్రాలుగా వచ్చే రకమైతే దారి వేరు. షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 కూడా 1980ల మధ్య దాకా రెండు ముక్కల సీల్‌తోనే నడిచింది, ఆ తర్వాతే ఒకే ఉంగరానికి మారింది. రెండు ముక్కలదానికి చాలా బళ్లలో గేర్‌బాక్స్ దించక్కర్లేదు. సంప్ దించి, వెనక బేరింగ్ క్యాప్ విప్పి, పై సగాన్ని క్రాంక్ చుట్టూ తోసి బయటికి లాగుతారు. కొత్త ముక్కల అతుకుల్ని క్యాప్ అతుకుకి సరిగ్గా ఎదురు రాకుండా ఒక సెంటీమీటరు పక్కకి తిప్పి కూర్చోబెట్టాలి. ఒకే ముక్కగా తొడగాల్సిన స్లీవ్ అక్కడ పనికిరాదు, క్రాంక్ చివర ఉండే వెడల్పాటి ఫ్లాంజి దాటి లోపలికి పోదు. అంతకు ముందు తరంలో గ్రాఫైట్ పట్టించిన తాడుని గాడిలో దట్టించేవారు. అలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లకి నా మార్కులు ఏమీ ఉపయోగపడవు.

ఇప్పుడు ముందు పుల్లీ వైపు సీల్ చెమరుస్తోంది. పుల్లీ లాగి మెడ మీద గోరు పెట్టి చూశాను, అక్కడా తట్టుకుంటోంది. మూడు దిక్కుల్లో కొలిచాను, సరిపడే స్లీవ్ సైజు ఉంది, ఆర్డర్ పెట్టాను. సీల్ మాత్రం ఈసారి గైడ్‌తో కలిపి అమ్మే ఇంకో కంపెనీది తీసుకున్నాను.